పరారీ ముద్దాయి: న్యాయస్థాన ఉద్ఘోషణయు, చట్టము కల్పించిన రక్షణలును

తనపై న్యాయస్థానము జారీచేసిన వారంటు అమలు జరుగకుండుటకై నెలవు విడిచి పోయిన, లేదా ఎచటనో దాగియున్న ముద్దాయిని పరారీ ముద్దాయి యందురు. అట్టివాడు ఫలానా దినమున ఫలానా చోట హాజరు కావలెనని నలుగురికిని తెలియునట్లు న్యాయస్థానము చాటించు వ్రాతపూర్వకమైన ఉత్తరువునకు ఉద్ఘోషణ యని పేరు. కోర్టు గుమాస్తాలును, న్యాయవాదులును దీనిని ప్రొక్లమేషన్ అనియే వ్యవహరింతురు. లోకము శిక్షగానో నేరనిర్ణయముగానో భ్రమపడు ఈ ఉద్ఘోషణ వాస్తవమునకు ఒక పిలుపు. ఆ పిలుపు పిలువబడినవాని చెవికి నిజముగా చేరునట్లు చూచుటయే ఈ విషయమున శాసనము ఏర్పరచిన రక్షణలన్నిటికిని మూలాశయము. ఈ మూలమును మరచి, పిలుపునకై విధించిన తంతును మాత్రము పూర్తిచేసి తృప్తిపడిన చోటనే అన్యాయము పుట్టుచున్నది.

ఈ విధానము మన దేశమునకు క్రొత్తది కాదు. 1898వ సంవత్సరపు క్రిమినల్ ప్రొసీజరు కోడులో 87, 88, 89 సెక్షన్లు ఉద్ఘోషణకును, జప్తునకును, జప్తైన ఆస్తి తిరిగి ఇచ్చుటకును సంబంధించినవి. 1974 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చిన 1973వ సంవత్సరపు కోడులో ఇవి 82 మొదలు 86 వరకు గల సెక్షన్లైనవి. 2024 జులై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో 84 మొదలు 89 వరకు గల సెక్షన్లు వీనికి స్థానములు. సెక్షన్ల సంఖ్యలు మారినను ప్రధాన నిర్మాణము చాలవరకు మారలేదు. 1898 కోడులోని 45వ సెక్షను, ఉద్ఘోషితుడైనవాడు గ్రామమున తలదాచుకొన్నను, ఆ దారిన పోయినను ఆ వార్తను అధికారులకు తెలుపవలసిన బాధ్యతను గ్రామాధికారిపైనను, గ్రామలెక్కలు వ్రాయువానిపైనను, కావలివానిపైనను మోపినది. మునసబు, కరణము, తలారి యని మన పల్లెలయందు పిలువబడినవారు వీరే. ఊరిలో ఎవరు ఉన్నారో, ఎవరు ఏ పనిమీద ఏ ఊరికి పోయినారో వీరికి తెలియని దినము లేదు. 1984లో ఆంధ్రప్రదేశమున ఆ వంశపారంపర్య గ్రామోద్యోగములు రద్దయినవి. రద్దు సమంజసమే యైనను, ఊరివారి రాకపోకలను ఎరిగిన ఆ పాత కన్ను పోవుటచే, ఒక మనుష్యుడు పారిపోయినాడా, పనికి పోయినాడా యను ప్రశ్నకు నమ్మదగిన సమాధానము చెప్పువారు నేడు అరుదైనారు.

ఈ ప్రశ్నయే మొదటి రక్షణకు ఆధారము. వారంటు జారీయైనవాడు పరారియైనాడనియో, వారంటు అమలు కాకుండ దాగియున్నాడనియో నమ్ముటకు న్యాయస్థానమునకు కారణము ఉండవలెనని చట్టము చెప్పుచున్నది. సాక్ష్యము తీసికొని గాని, తీసికొనక గాని ఈ నమ్మకమునకు రావచ్చును. కాని కారణము లేని నమ్మకము చెల్లదు. పరారియగుటకు ఊరు దాటిపోవుట అవసరము లేదనియు, చట్టము చేతికి చిక్కకుండుటకై సొంత ఇంటిలోనే దాగినను పరారియే యనియు కార్తారే కేసులో (1975) సుప్రీంకోర్టు వివరించెను. ఈ సూత్రమునకు రెండవ ముఖమొకటి కలదు: ఎంత దూరము పోయినను, తప్పించుకొను తలంపు లేనిచో అతడు పరారీ కాడు. మట్టిపనికిని, కట్టడముల పనికిని తరతరాలుగా వలసపోవు పాలమూరు కూలీ ఇంటికి తాళము ఉండును. రాయచోటి నుండి కువైటునకును, జగిత్యాల నుండి దుబాయికిని పోయినవాని తల్లి ఒక్కతెయే గుమ్మమున కూర్చుండును. వారంటు తీసికొని వచ్చిన కానిస్టేబులు ఆ తాళమును చూచి, ముద్దాయి ఊరిలో లేడని వారంటు వెనుక ఒక వాక్యము వ్రాసి తిరిగి పంపును. ఆ ఒక్క వాక్యమునుండి పరారీ యను నిర్ణయమునకు దూకుట తగదు. ఎన్నిమారులు పోయినది, ఎవరిని విచారించినది, ఇరుగుపొరుగువారు ఏమి చెప్పినది, అతడు వెళ్ళిన చోటి చిరునామాకై ఏమి ప్రయత్నించినది ఆ నివేదికలో కనబడనిచో, మేజిస్ట్రేటు ఆ కానిస్టేబులును పిలిపించి వాఙ్మూలము తీసికొనుట మేలైన పద్ధతి.

ఉద్ఘోషణకు ముందు వారంటు, వారంటునకు ముందు సమను ఉండుట సాధారణ క్రమము. సమను ముద్దాయికి స్వయముగా అందనిచో అతనితో కలిసి నివసించు కుటుంబములోని వయోజనునికి ఇవ్వవచ్చును. పాత కోడు పురుషునికే ఇవ్వవలెనని నిర్బంధింపగా, క్రొత్త సంహిత ఆ నిర్బంధమును తొలగించినది. మగవారు పనికై దేశాంతరము పోయి ఆడవారే ఇల్లు నడుపు ఊళ్ళయందు ఈ చిన్న సవరణకు గల విలువ చిన్నది కాదు. ఇందర్ మోహన్ గోస్వామి కేసులో (2007) సుప్రీంకోర్టు, మొదట సమను, అది ఫలింపనిచో బెయిలబుల్ వారంటు, అదియును ఫలింపనిచో నాన్‌బెయిలబుల్ వారంటు అను సోపానక్రమమును సూచించి, వ్యక్తిస్వాతంత్ర్యమును హరించు ఆయుధమును మొదటి అడుగుననే ఎత్తరాదని హెచ్చరించినది. దర్యాప్తు దశలో సయితము వారంటు జారీచేయవచ్చునని దావూద్ ఇబ్రాహీం కాస్కర్ కేసులో (1997) నిర్ణయింపబడినది. అయితే ఆ వారంటు ముద్దాయిని న్యాయస్థానము ఎదుట నిలుపుటకే గాని, పోలీసుల దర్యాప్తునకు తోడ్పాటుగా అతనిని వారికి అప్పగించుటకు కాదని ఆ తీర్పే చెప్పినది. ఉద్ఘోషణ చేయు అధికారము న్యాయస్థానమునకు మాత్రమే కలదు. ఠాణా గోడపై ఫోటో అంటించి ఒకనిని పరారీయని పోలీసులు పిలిచినంతమాత్రమున చట్టదృష్టిలో అతడు ఉద్ఘోషితుడు కాడు. పైగా, ఏ న్యాయస్థానము వారంటు జారీచేసెనో ఆ న్యాయస్థానమే ఉద్ఘోషణ చేయవలెను.

ఉద్ఘోషణయందు హాజరు కావలసిన స్థలమును, కాలమును స్పష్టపరుపవలెను. ప్రచురణ జరిగిన నాటినుండి హాజరు నాటికి ముప్పది దినములకు తక్కువ గడువు ఉండరాదు. ముద్దాయి సాధారణముగా నివసించు ఊరిలో నలుగురు కూడు చోట దానిని బహిరంగముగా చదువవలెను. అతని ఇంటిమీద గాని, ఊరిలో ప్రముఖముగా కనబడు చోట గాని అంటింపవలెను. న్యాయస్థాన భవనముపై ఒక ప్రతిని అంటింపవలెను. ఈ మూడును కలిసి జరుగవలెనే గాని, ఒకటి చేసి తక్కినవి విడుచుటకు వీలులేదని పలు హైకోర్టుల తీర్పులు కలవు. న్యాయస్థానము తగునని తోచినచో దినపత్రికలో వేయింపవచ్చును. అది ఈ మూటికి తోడు మాత్రమే. పూర్వము టముకు కొట్టించి చాటించిన వార్త సంతకు పోయినవానికి సయితము సాయంత్రమునకు చేరెడిది. చదువుట యను మాటకు అర్థము ఆ టముకుచే బోధపడుచుండెను. నేడు పలుచోట్ల చదువుట యనునది మహజరు కాగితముపై ఇద్దరు పంచుల సంతకములతోనే ముగియుచున్నది.

ముప్పది దినముల లెక్కయందు జరుగు పొరపాటు మిక్కిలి సామాన్యమైనది గనుక ఒక ఉదాహరణ చెప్పవలసియున్నది. మేజిస్ట్రేటు జూన్ 1న ఉత్తరువు చేసి జులై 5న హాజరు కమ్మని వ్రాసెననుకొందము. ఉత్తరువు నాటినుండి లెక్కించినచో ముప్పదినాలుగు దినములు, లోపము లేదు. కాని ఆ కాగితము ఠాణాకు చేరి, అచట బందోబస్తు పనులలో నిలిచి, కానిస్టేబులు ఊరికి వచ్చి గోడకు అంటించినది జూన్ 12న. అప్పటినుండి ముద్దాయికి దక్కినది ఇరువదిమూడు దినములే. చట్టము ప్రచురణ నాటినుండి లెక్కింపుమన్నది గనుక ఈ ఉద్ఘోషణ దోషయుక్తము. పంజాబు హర్యానా హైకోర్టు ఇట్టి ఉద్ఘోషణలను అనేకమారులు కొట్టివేసినది. తగిన గడువుతో తిరిగి ప్రచురింపవలసినదే గాని, కేసును మరియొక వాయిదాకు మార్చినంతమాత్రమున ఆ లోపము పూడదు. ఉద్ఘోషణ విధ్యుక్తముగా ఫలానా దినమున ప్రచురింపబడినదని న్యాయస్థానము వ్రాతలో చేయు ప్రకటనను తిరుగులేని సాక్ష్యముగా చట్టము గ్రహించుచున్నది. అట్టి బలము గల వాక్యమును వ్రాయుటకు ముందు న్యాయాధికారి ప్రచురణ నివేదికను పంక్తి పంక్తిగా చదువుట విధి.

ఉద్ఘోషణకు లోబడి హాజరు కానివారినందరిని ఒకే గాటను కట్టరాదు. 2005 సవరణచే పాత కోడున చేరిన 82(4) ఉపసెక్షను, హత్య, అపహరణ, దోపిడీ మొదలైన పేర్కొనబడిన నేరములయందు మాత్రమే, తగిన విచారణ జరిపిన పిదప ముద్దాయిని ఉద్ఘోషిత అపరాధిగా ప్రకటించుటకు వీలిచ్చెను. నేటి 84(4) ఆ పట్టికను విడిచి, పదియేండ్లు గాని అంతకు మించి గాని కారాగారము, యావజ్జీవము, మరణదండన విధింపదగిన నేరములన్నిటిని గ్రహించుచున్నది. చెల్లని చెక్కు కేసులో గరిష్ఠశిక్ష రెండేండ్లే. అందు ముద్దాయి హాజరు కానిచో ఉద్ఘోషితుడగునే గాని ఉద్ఘోషిత అపరాధి కాజాలడు. ఈ భేదము కేవలము పదముల భేదము కాదు. భారతీయ న్యాయ సంహిత 209వ సెక్షను క్రింద మొదటివానికి మూడేండ్ల వరకు కారాగారమో, జరిమానాయో, రెండునో, సమాజసేవయో విధింపవచ్చును. రెండవవానికి ఏడేండ్ల వరకు కారాగారమును, జరిమానాయును విధింపవచ్చును. ఉద్ఘోషిత అపరాధిని సామాన్యపౌరుడును పట్టుకొని పోలీసులకు అప్పగింపవచ్చును. ఇంతటి ముద్ర వేయుటకు ముందు విచారణ యొకటి జరుగవలెనని శాసనము కోరుట న్యాయమే.

పరారియైనాడు గనుక నేరస్థుడే యను తర్కము పల్లెరచ్చబండల వద్దనే కాక న్యాయస్థానములయందును అప్పుడప్పుడు వినబడుచుండును. నేరము జరిగిన పిదప ముద్దాయి పారిపోయిన సంగతి అతని ప్రవర్తనకు సంబంధించినది గనుక సాక్ష్యముగా గ్రాహ్యమే. అయితే నిర్దోషియు భయభ్రాంతుడై తొలగిపోవచ్చుననియు, ఆత్మరక్షణబుద్ధి సహజమనియు, పరారియగుట యొక్కటే నేరబుద్ధికి దృఢమైన రుజువు కాజాలదనియు మాత్రు కేసులో (1971) సుప్రీంకోర్టు చెప్పినది. ముందస్తు బెయిలు విషయమున తీర్పులు కఠినముగా ఉన్నవి. ఉద్ఘోషిత అపరాధికి సాధారణముగా అది లభింపదని లవేశ్ కేసులోను (2012), ముందస్తు బెయిలు దరఖాస్తు పెండింగులో నున్నంతమాత్రమున ఉద్ఘోషణ ఆగదని శ్రీకాంత్ ఉపాధ్యాయ్ కేసులోను (2024) నిర్ణయమైనది. అదే సంవత్సరము నవంబరులో ఆశా దూబే కేసునందు, ఉద్ఘోషణ జరిగిన ప్రతి కేసులోను ముందస్తు బెయిలుపై సంపూర్ణ నిషేధము లేదనియు, పరిస్థితులను తూచి చూడవలెననియు సుప్రీంకోర్టు చెప్పుటచే తలుపు కొంత తెరచియే యున్నది.

ముద్దాయి దొరకని కేసును మన తెలుగునాట కోర్టులు చిరకాలముగా తెంపుచేసి, హాజరైనవారిపై విచారణ సాగించి, పరారియైనవాని భాగమును ఎల్.పి.సి. అనబడు దీర్ఘకాల పెండింగు రిజిస్టరునకు మార్చుచు వచ్చినవి. సాక్ష్యము నశింపకుండుటకై అతని పరోక్షమున వాఙ్మూలములు నమోదు చేయుటకు పాత కోడున 299వ సెక్షను, నేడు 335వ సెక్షను అవకాశమిచ్చుచున్నవి. ముద్దాయి పట్టుబడిన పిదప ఆ సాక్షి మరణించెననియో, కనబడుట లేదనియో, ఇట్టి కారణమేదైన రుజువైనప్పుడే ఆ వాఙ్మూలము పనికివచ్చును. ముద్దాయి పరారియైనాడనియు, వెంటనే పట్టుబడు ఆశ లేదనియు ముందుగా ఋజువు చేయవలెననియు, ఈ షరతులను బిగుతుగా పాటింపవలెననియు నిర్మల్ సింగ్ కేసులో (2000) తీర్పు వచ్చెను.

క్రొత్త సంహితలోని 356వ సెక్షను ఇంతకంటె చాల దూరము పోయినది. విచారణను తప్పించుకొనుటకై పరారియై, వెంటనే పట్టుబడు ఆశ లేని ఉద్ఘోషిత అపరాధి, తాను ప్రత్యక్షముగా విచారింపబడు హక్కును విడిచినట్లుగా న్యాయస్థానము భావించి, కారణములు వ్రాసి, అతని పరోక్షమున విచారణ జరిపి తీర్పు చెప్పవలెను. ఇంతటి అధికారము ఇచ్చినందున రక్షణలును కొంత ఎక్కువగా కూర్పబడినవి. అభియోగము రచించిన నాటినుండి తొంబది దినములు గడువక విచారణ ప్రారంభింపరాదు. కనీసము ముప్పది దినముల ఎడముతో రెండు వారంటులు వరుసగా జారీ కావలెను. అతడు చివరగా నివసించినట్లు తెలిసిన ప్రాంతమున చెల్లు దినపత్రికలో, ముప్పది దినములలో రానిచో విచారణ మొదలగునని ప్రకటింపవలెను. బంధువునకో మిత్రునకో తెలుపవలెను. ఇంటిపైన అంటించి, ఆ జిల్లా పోలీసు ఠాణాలో ప్రదర్శింపవలెను. అతనికి న్యాయవాది లేనిచో ప్రభుత్వ వ్యయముతో ఒకరిని నియమింపవలెను. సాక్షుల వాఙ్మూలములను సాధ్యమైనంతవరకు దృశ్యశ్రవణ రూపమున భద్రపరుపవలెను. విచారణ మధ్యలో ముద్దాయి పట్టుబడినచో, తన పరోక్షమున నమోదైన సాక్ష్యమును పరీక్షించుటకు న్యాయస్థానము అనుమతింపవచ్చును. ఈ చివరి మాట అనుమతింపవచ్చునని యున్నదే గాని అనుమతింపవలెనని లేదు. ఆ ఒక్క క్రియారూపమున ముద్దాయి భవితవ్యము వ్రేలాడుచున్నది. ముద్దాయి ముఖమెరుగని న్యాయవాది, అతని నోట ఒక్క మాటయైన వినక, ఆనాడు అతడెచటనుండెనో, ఫిర్యాదికి అతనిపై పగ యేమో తెలియక సాక్షిని ప్రశ్నింపగల ప్రశ్నలెన్ని?

ఈ సెక్షనులో నన్ను మిక్కిలి కలచునది అప్పీలు నిబంధన. అప్పీలు న్యాయస్థానము ఎదుట స్వయముగా హాజరైననే అప్పీలు చెల్లును; దోషియని చెప్పిన తీర్పు వెలువడిన నాటినుండి మూడేండ్లు దాటినచో అదియును లేదు. తెలిసి దాగినవానికి ఇది తగిన నిర్బంధమే. తనపై విచారణ జరిగినదనియే తెలియనివానికి మినహాయింపు ఈ నిబంధనయందు వేరుగా కనబడదు. ఐరోపా మానవహక్కుల న్యాయస్థానము ఈ చిక్కునే కొలొజ్జా కేసులో (1985) విప్పినది. రోము నగరమున నివాసము మార్చి క్రొత్త చిరునామా తెలుపనివానిని ఇటలీ అధికారులు పరారీయని భావించి, న్యాయవాదిని నియమించి, అతని పరోక్షమున శిక్షింపగా, తన హక్కును అతడు స్పష్టముగా విడిచినట్లు చెప్ప వీలులేదనియు, సంగతి తెలిసిన పిదప మరల విచారణ పొందు అవకాశము అతనికి ఉండవలసినదనియు ఆ న్యాయస్థానము నిర్ణయించెను. తన సమక్షమున విచారింపబడు హక్కును గుర్తించిన పౌర రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో భారతదేశము 1979లో చేరినది. 356వ సెక్షనును అన్వయించు న్యాయాధికారులు, ఉద్దేశపూర్వకముగా తప్పించుకొనుట యను షరతును అక్షరశః రుజువు కోరి, ఆ రుజువు లేని చోట విచారణను ఆపుటయే అట్టి అన్యాయమును నివారించు మార్గము.

నూరు కోట్ల రూపాయలు గాని, అంతకు మించి గాని విలువ గల ఆర్థికనేరములకు 2018వ సంవత్సరపు పరారీ ఆర్థిక నేరస్థుల చట్టము వేరుగా కలదు. అందు హాజరునకు కనీసము ఆరు వారముల గడువు ఇవ్వవలెను. 2019 జనవరిలో విజయ్ మాల్యా ఈ చట్టము క్రింద ప్రకటింపబడిన మొదటి వ్యక్తి యయ్యెను.

ఇక జప్తు. ఉద్ఘోషణ జారీయైన పిదప ఎప్పుడైనను, కారణములు వ్రాసి, ఉద్ఘోషితుని స్థిరచరాస్తులను జప్తు చేయింపవచ్చును; అతడు ఆస్తిని అమ్మివేయుచున్నాడనియో, పరిధి దాటించుచున్నాడనియో తృప్తి కలిగినచో ఉద్ఘోషణతో పాటే జప్తు ఉత్తరువు ఇవ్వవచ్చును. శిస్తు చెల్లు భూమి జప్తు జిల్లా కలెక్టరు ద్వారా జరుగవలెను. ఉద్ఘోషితుని రప్పించుటయే దీని ప్రయోజనమనియు, అది నెరవేరగానే జప్తు ఎత్తివేయవలెననియు విమలాబెన్ పటేల్ కేసులో (2008) సుప్రీంకోర్టు స్పష్టపరచినది. ఆచరణలో ఈ జప్తు బరువు ముద్దాయికంటె ముందు అతని ఇంటివారిపై పడును. ఉమ్మడి పొలములో అన్నదమ్ముల వాటా, భార్య పుట్టింటినుండి తెచ్చుకొన్న పాడిగేదె, తల్లి పేర నున్న ఇంటిస్థలము, ఇవన్నియు ముద్దాయి ఇంటనే కనబడును గనుక ఒకే పట్టికకు ఎక్కును. పశువులు, చెడిపోవు సరకులు ఉన్నచో వెంటనే అమ్మించుటకు సయితము చట్టమున వీలున్నది. ఇట్లు తమ ఆస్తి జప్తైన ఇంటివారు జప్తు నాటినుండి ఆరు నెలలలో తమ హక్కును తెలుపుకొనవచ్చును. న్యాయస్థానము విచారించి సంపూర్ణముగానో, కొంతవరకో ఆమోదింపవచ్చును. త్రోసివేసినచో ఒక సంవత్సరములో సివిలు దావా వేసికొనవచ్చును. ఈ ఆరు నెలల సంగతి ఆ ఇంటి ఆడవారికి చెప్పువారు ఎవరును లేకుండుట పలుచోట్ల కనబడును. జప్తు చేయవచ్చిన ఉద్యోగియే ఆ మాటను తెలుగులో వ్రాసిన కాగితమొకటి వారి చేతికిచ్చి పోవునట్లు ఏర్పాటు జరిగినచో ఎంతయో మేలు.

ఉద్ఘోషితుడు గడువులోగా వచ్చినచో ఆస్తి విడుదల కావలెను. రానిచో అది రాష్ట్ర ప్రభుత్వ స్వాధీనమున నుండును. అయినను జప్తు నాటినుండి ఆరు నెలలు గడచి, దాఖలైన హక్కు దరఖాస్తులు తేలువరకు, పైన చెప్పిన పశువులు, చెడిపోవు సరకులు వంటివి తప్ప, దానిని అమ్మరాదు. రెండేండ్లలోగా అతడు తానై వచ్చియో, పట్టుబడియో, వారంటును తప్పించుకొనుటకై తాను పరారి కాలేదనియు, సకాలమున హాజరగుటకు తగినంతగా ఉద్ఘోషణ సంగతి తనకు తెలియదనియు న్యాయస్థానము తృప్తిచెందునట్లు రుజువు చేసినచో, ఆస్తిగాని, అమ్ముడుపోయినచో ఖర్చులు పోగా మిగిలిన సొమ్ముగాని అతనికి తిరిగి ఇవ్వవలెను. నిరాకరించినచో అప్పీలు కలదు. గల్ఫునుండి వచ్చినవానికి ఈ రుజువు పాసుపోర్టుపై పడిన ముద్రలయందు దొరకును. ఇటుకబట్టీనుండి వచ్చిన పాలమూరు కూలీ చేత అట్టి ముద్రలు ఉండవు. మేస్త్రీ బయానా వ్రాసికొన్న చిట్టాపుస్తకమొకటి, కలిసి పనిచేసిన నలుగురి నోటిమాట, ఇవియే అతని పత్రములు. రెండేండ్ల గడువు మాత్రము జప్తు నాటినుండి లెక్కింపబడును గాని, అతడు ఊరు చేరి తలుపుమీద వెలిసిపోయిన ఆ కాగితమును చూచిన నాటినుండి కాదు.